ఇల్లు కాలునప్పుడు కలప యేమి చేయును?

ఇల్లు కాలినదని వినగానే ‘కఱ్ఱ యున్నచోట నిప్పు రాక మానునా’ యనువారు మా మెట్టుగూడలో పెక్కండ్రు గలరు. పాత పెంకుటింటిని విప్పించి డాబా కట్టించుకొని, ఇక నగ్నిభయము తీరినదని వారు నిశ్చింతగా నుందురు. ఈ మాసము మేమీ నమ్మకమును కొంచెము విచారింపదలచితిమి.

టేకుదూలము కాలదని మేమనము. కాని యది కాలు తీరు వేఱు. మంట తగిలిన పైపొర బొగ్గుగా మాఱి, ఆ బొగ్గే లోని కలపకు కవచమగును. దళసరి కలపలో కాలుడు నిమిషమునకు ఒక మిల్లీమీటరైనను లోనికి చొరదు. అరగంటకు ఇంచుమించు 20 మిల్లీమీటర్లు. కావున జానెడు మందముగల దూలము అరగంట కాలినను, నడుమ గట్టికలపను మిగుల్చుకొని కప్పును మోయుచునే యుండును. రక్షణపూత లేని ఉక్కుకమ్మి మండదు గాని, 550 డిగ్రీల వేడిమికి తన బలములో సగమునకు దగ్గఱగా గోల్పోయి వంగిపోవును. అయితే అదే కలపను పలుచని పలకలుగా జేసి, వెనుక గాలి యాడునట్లు గోడకు తాపినచో త్వరగా నంటుకొనును.

నేడు డాబాలలో చేరుచున్నది ఈ పలుచని సరకే. ప్లైవుడ్డు అలమరలు, ఫాల్సు సీలింగు, స్పంజి సోఫా, సింథెటిక్కు తెరలు! అమెరికాలో పాతకాలపు సామానుగల గదిని, నేటి సామానుగల గదిని ప్రక్కప్రక్కన కాల్చి పరీక్షింపగా, మొదటిది నిలువెల్ల మండుటకు దాదాపు అరగంట పట్టెను. రెండవది ఐదు నిమిషములలోపలనే మండెను. అచ్చటి ఇండ్లు పెక్కు కఱ్ఱచట్రముతో కట్టినవి. గోడలలోని బోలు పొగగొట్టమువలె మంటను అటకకు లాగుచుండుటచేత, నడుమ నడుమ అడ్డుచెక్కలు బిగింపవలెనని అచ్చటి నిబంధనలు విధించినవి. మన ఫాల్సు సీలింగు వెనుక, కరెంటుతీగలు పోవుచోటనే యున్న బోలునకు అట్టి అడ్డెవరు పెట్టించుచున్నారు?

మంటకంటె ముందు పొగ చంపును. అందలి కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారు మేల్కొనకయే పోదురు.

బోయిగూడ మాకు దూరము గాదు. 2022 మార్చి 23 తెల్లవారుజామున అచ్చటి తుక్కుసామాను గిడ్డంగి యంటుకొనగా, పైయంతస్తున పండుకొనిన 12 మంది బీహారు కూలీలలో 11 మంది చనిపోయిరి. దిగుటకు గిడ్డంగిలోనికి పోవు ఇనుపమెట్లు తప్ప వేఱు దారి లేదు. ప్రాణము దక్కినవాడు కిటికీనుండి దుమికినవాడు. 2025 మే 18న చార్మినారు చెంత గుల్జారు హౌజులోని పాతకట్టడమున 17 మంది గతించిరి; అందు 8 మంది పిల్లలు. అచ్చటను ఇరుకుదారి యొక్కటే, మెట్లు మీటరు వెడల్పున.

ఆదిపర్వములో ధర్మరాజు వారణావతమున క్రొత్తయింట నడుగిడగానే నేతివాసనను, లక్కవాసనను పసిగట్టెను. అయినను పాండవులను బ్రదికించినది ఆ యెఱుక మాత్రమే కాదు. విదురుడు పంపిన ఖనకుడు త్రవ్విన రెండవ దారి. ఆ రాత్రి ఆ యింటనే నిద్రించిన నిషాదస్త్రీకిని, ఆమె యైదుగురు కొడుకులకును ఆ దారి యెవరును చూపలేదు. కథ వినునప్పుడు మనము వారిని సులభముగా మఱచిపోదుము. బోయిగూడ వార్త చదివిననాడు మాకు జ్ఞప్తికి వచ్చినవారు వారే.

చట్టము రక్షింపదా యందురేమో. 1666లో లండను కాలిన పిమ్మట, క్రొత్తయిండ్ల గోడలను ఇటుకతోనో ఱాతితోనో కట్టవలెనని అచ్చట శాసించిరి. మనకును 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి కలదు. వెలికిపోవు మార్గములను గూర్చి అది విపులముగా చెప్పుచున్నది. కాని తెలంగాణలో అగ్నిమాపకశాఖ యనుమతి 18 మీటర్లకు మించిన నివాసములకే కావలెను. రెండంతస్తుల, మూడంతస్తుల యిండ్లకు ఆ తనిఖీ రాదు. అది యిల్లాలే చేయవలసిన పని.

దొంగలభయముచే కిటికీలన్నిటికిని గ్రిల్లులు బిగించితిమి. పడకగదికొక గ్రిల్లైనను లోపలినుండి తెఱచుకొనునట్లు చేయింపుడు. దాని తాళపుచెవి బీరువాలో గాక, ప్రక్కనే పిల్లలకందునంత యెత్తున మేకునకు వ్రేలాడవలెను. మెట్లక్రింద విద్యుత్తు స్కూటరునకు ఛార్జింగు పెట్టకుడు; 2022 సెప్టెంబరు 12న సికిందరాబాదులో నట్టి స్కూటర్ల దుకాణమునుండి లేచిన పొగ మెట్లదారిన పైనున్న హోటలున కెక్కి 8 మందిని బలిగొన్నది. రాత్రివేళ గది తలుపు మూసి పండుకొనుడు. మామూలు చెక్కతలుపైనను పొగను కొన్ని నిమిషములు నిలువరించును. పైగదిలో పనిమనిషి గాని, అద్దెకున్న విద్యార్థి గాని నిద్రించుచున్నచో, రేపే వారిని పిలిచి రెండవ దారి చూపి, ఆ గ్రిల్లు నొకసారి వారిచేతనే తెఱిపింపుడు.