ఆహారపు ఎలర్జీ - రక్తపరీక్షల విలువ

వేరుశనగ, రొయ్య, కోడిగ్రుడ్డు, పాలు అనేకులకు పుష్టినిచ్చు పదార్థములు. కొలదిమందికి మాత్రము అవియే ప్రాణాపాయకరములు. ఈ వైపరీత్యమును ప్రయోగశాలలో పసిగట్టగలుగుట వైద్యశాస్త్రము సాధించిన విజయములలో ఒకటి. అయితే ఆ పరీక్షలు చెప్పునదేమి, చెప్పజాలనిదేమి అను వివేచన మనలో కొరవడినదని మా అభిప్రాయము.

1921లో వెలువడిన ఒక ప్రయోగ వృత్తాంతము స్మరింపదగినది. జర్మనీలో ప్రౌస్నిట్జ్ అను శాస్త్రజ్ఞుడు, చేప గిట్టని తన సహచరుడు క్యుస్ట్నర్ రక్తమునుండి తీసిన సీరమును తన చర్మములోనికి ఎక్కించుకొనెను. మరునాడు అదే చోట చేప సారమును ఎక్కించగా దద్దురు లేచెను. దోషకారకము రక్తములోనే కలదని తేలెను. అది ఐజిఇ అను ప్రతిరక్షకమని 1960ల చివరి భాగమున ఇషిజాకా దంపతుల పరిశోధన, స్వీడన్ శాస్త్రజ్ఞుల పరిశోధన వెల్లడించినవి. నేటి ఎలర్జీ రక్తపరీక్ష కొలుచునది దీనినే.

కాని రక్తములో ఐజిఇ కనబడినంత మాత్రమున ఆ పదార్థము గిట్టదని నిర్ధారింపరాదు. అట్టివారిలో పలువురు దానిని నిరపాయముగా భుజించుచున్నారు. రక్తపరీక్ష సాక్ష్యమే గాని తీర్పు కాదు. సందేహము తీరనిచో, వైద్యుని పర్యవేక్షణలో ఆ పదార్థమును కొద్దికొద్దిగా తినిపించి చూచుటయే ప్రమాణము. దీనిని ఇంటివద్ద చేయబూనుట ప్రమాదకరము.

ఇక ఐజిజి పరీక్షల సంగతి వేరు. ఒక్క రక్తపు బొట్టుతో వందలాది పదార్థముల జాబితా నిచ్చెదమని ప్రకటనలు కనబడుచున్నవి. తినిన ఆహారమునకు శరీరము ఐజిజిని తయారుచేయుట సహజము. అది రోగలక్షణము కాదు. ఐరోపా ఎలర్జీ వైద్యుల అకాడమీ 2008లోనే ఇట్టి పరీక్షలు తగవని స్పష్టము చేసినది. పాలు త్రాగినచో కడుపుబ్బరము కలుగుట సాధారణముగా లాక్టేజ్ అను ఎంజైము లోపమువలన. అది ఎలర్జీ కాదు. దానికి శ్వాసలోని హైడ్రోజన్‌ను కొలుచు పరీక్ష కలదు. పాలు పడనివారిలో పలువురికి పెరుగు సరిపడును.

ఒక కాగితమును నమ్మి ఎదుగు బిడ్డకు పాలు, గ్రుడ్డు, పప్పు మాన్పించుట అన్యాయము. నిజముగా గిట్టనివానిని వసతిగృహపు భోజనశాలలో పరిహసించుట అంతకు మించిన అన్యాయము. ఏమి తింటిమి, ఎంత తింటిమి, ఎంతసేపటికి ఏమి జరిగెను అను మూడు విషయములను వ్రాసికొని ముందుగా వైద్యుని కడకు పోవలెను. పరీక్ష అవసరమా కాదా అనునది పిదప అతడే నిర్ణయించును. చదువుకొన్న మనము ఈ మాటను మన ఇండ్లకు చేరవేయుట కర్తవ్యమని భావించుచున్నాము.