తొక్కుడుబిళ్ల గడిలో పరభాష

జగ్గయ్యపేట నుండి నందిగామకు వచ్చు రహదారి కడ ప్రాతఃకాలమున నిలిచి చూచినచో, సిమెంటు లారీల నడుమ పసుపుపచ్చని బడి బస్సులు బారులు తీరి పోవుచుండును. వేకువనే మిరపకోతకు పోయిన తల్లి తన కూలి డబ్బులో కొంత ఆ బస్సుకే కట్టుచున్నదనిన, బిడ్డకు ఇంగ్లీషు రావలెనను ఆశ తప్ప వేఱు కారణము లేదు. ఆ ఆశను తప్పుపట్టువాడను గాను. అయిదేండ్ల పసివానికి ఆ భాషను మనము అందించుచున్న తీరే నాకు సమ్మతము గాదు.

నా చిన్ననాట ఒక బడిలో ‘ఇస్కూలు’ అన్నందుకు నాచేత గోడకుర్చీ వేయించిరి. తెలుగు అజంతభాష, హల్లుతో ముగియు మాట మన నాలుకకు ఆనదు గనుక బుక్ అనునది బుక్కు అగును, పెన్ అనునది పెన్ను అగును, సకార కకారములు మాట మొదట జంటగా వచ్చినచో ముందొక ఇకారము ఊతకఱ్ఱవలె వచ్చి నిలుచును. అది బాలుని మౌఢ్యము గాదు, మాతృభాష ఇచ్చిన సంస్కారము. ఆనాడు ఈ సంగతి నాకెవరును చెప్పలేదు. మోకాళ్లు వణికినవి, ఆపై చాలా ఏండ్లు ఇంగ్లీషు పలుకుటకే జంకితిని.

మొన్నటి యేడు నందిగామ చేరువ నొక ప్రాథమిక పాఠశాల వసారాలో, పంతులమ్మగారు సుద్దముక్కతో తొక్కుడుబిళ్ల గళ్లు గీసి, గడికొక బొమ్మ వేసినారు: చెట్టు, చేప, గొడుగు, కుండ. పెంకుబిళ్ల ఏ గడిలో పడిన ఆ బొమ్మ పేరు ఇంగ్లీషులో పలికి గాని ముందుకు కుంటరాదు. ఒక చిన్నది చేప కడ ఒంటికాలిపై నిలిచి ‘పిసు’ అన్నది. పంతులమ్మగారు తప్పనలేదు, సన్నని కాగితపు ముక్క తమ పెదవుల ముందు పట్టుకొని ‘ఫిష్’ అని ఊదగా కాగితము అల్లాడెను. చిన్నదియు అట్లే పట్టినది. మూడవసారికి కాగితమాడినది, మాటయు వచ్చినది. తానొక పాఠము నేర్చితినన్న ఎఱుకయే లేక ఆ పిల్ల తరువాతి గడికి కుంటుచు పోయినది.

ఇట్లు ఒడలు కదలించుచు భాష నేర్పుట ఆ పంతులమ్మగారి యూహ మాత్రమే కాదు. కాలిఫోర్నియాలో జేమ్స్ ఆషర్ అను మనశ్శాస్త్రవేత్త 1960ల దశకమున, పరభాషను మొదటనే పలికింపరాదనియు, లెమ్ము, నడువుము, తలుపు తీయుము వంటి ఆజ్ఞలుగా వినిపించి దేహముతో ఆచరింపజేయవలెననియు ఒక పద్ధతిని రూపొందించెను. మన యిండ్లలో ‘తాతకు దణ్ణం పెట్టు’ అనగానే, ఇంకను మాటలు రాని పాప చేతులు జోడించుట చూచిన వారికి ఇది క్రొత్తగా తోచదు.

పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు తాము సవరభాష నేర్చి, సవర బాలురకు వారి పలుకులోనే వాచకములు వ్రాసిరి. పిల్లవాడున్న చోటికి గురువే నడిచిపోవలెనని ఆ మహనీయుడు చేసి చూపెను. మన మెట్టలోని లంబాడా తండాల పిల్లలకు తెలుగే పరభాష; ఇంగ్లీషు మూడవది. తొక్కుడుబిళ్ల గళ్లలో మాత్రము వారును మనవారును సమానులే.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన బడులలో ఇంగ్లీషు మాధ్యమమును నిర్బంధము చేసినది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసినది. పిదప ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా వాచకములు వచ్చినవి. మంచిదే. కాని అక్షరమెఱుగని పసివానికి ఆ రెండు పుటలును ఒక్కటే.

కావున మా మెట్ట మండలముల ఉపాధ్యాయులకు నా విన్నపము: వచ్చే జూన్‌లో బడులు తెరచిన పిమ్మట, ఒకటవ తరగతి పిల్లల చేతికి ఇంగ్లీషు వాచకమిచ్చుటకు ముందు, నెల దినములు వారిని ఆ భాషలో ఆడనిండు. వసారాయు, సుద్దముక్కయు మీ బడిలో ఉన్నవి. పెంకుబిళ్ల పిల్లలే తెచ్చుకొందురు.

— మెట్టవాసి