వేణ్నీళ్లకు మరో దారి

సోలార్ హీటరేమో డాబా మీద, స్నానాలగదేమో కింద. పొద్దున్నే కుళాయి తిప్పితే ముందు వచ్చేవి చన్నీళ్లే. ముప్పావు అంగుళం పైపు 20 మీటర్లుంటే అందులో నిలిచే నీళ్లు సుమారు 5 లీటర్లు. వేణ్నీళ్లు వచ్చేలోగా అవన్నీ తూము పాలు!

ఇల్లు కట్టేటప్పుడే చివరి కుళాయి దగ్గర్నుంచి హీటరు ట్యాంకుకు మరో పైపు వేయించి, వేడికి తట్టుకునే చిన్న సర్క్యులేషన్ పంపు పెట్టిస్తే ఆ నీళ్లు తిరిగి పైకెళ్తాయి. నీళ్లు ఎదురు రాకుండా నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరి. పంపును రాత్రంతా తిప్పారో, వేడంతా పైపుల వెంటే పోయి తెల్లారేసరికి ట్యాంకులో మిగిలేవి గోరువెచ్చని నీళ్లే. స్నానానికి కొద్ది నిమిషాల ముందు స్విచ్ వేస్తే చాలు. పైపులకు ఫోమ్ తొడుగు మరవొద్దు.

ఇప్పటికే కట్టేసిన ఇంట్లో ఇందుకోసం గోడలు పగలగొట్టించడం దండగ. ఆ చన్నీళ్లను బకెట్లో పడితే అంట్లకు పనికొస్తాయి.