సిగ్నల్ ఉన్నా పలకని ఫోను

అరుప్పుకోట్టై, కోవిల్‌పట్టి చుట్టుపక్కల పల్లెల నుంచి తిరుపతి మొక్కుకు బయలుదేరే పెద్దవాళ్ల సంచిలో ఇప్పటికీ బటన్ ఫోనే కనిపిస్తుంది. ఒకసారి ఛార్జింగు పెడితే రోజుల తరబడి వస్తుంది, కింద పడినా పగలదు, అంకెలు కళ్లద్దాలు లేకున్నా ఆనుతాయి. చవగ్గా దొరికిందని మనవడు కొత్త సిమ్ము తెచ్చి అందులో వేస్తాడు. ఫోను మూగబోతుంది. అంగడివాడు ఫోను పాడైందంటాడు, మనవడు టవర్ లేదంటాడు. నిజానికి రెండూ బాగానే ఉంటాయి. ఒకదాని భాష రెండోదానికి రాదు, అంతే! ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనవాళ్లకు ఈ తంటా విడమరచి చెప్పనక్కర్లేదు.

మన దేశంలో పాత 2జీ ఫోన్లు 900, 1800 మెగాహెర్ట్‌జ్ బ్యాండ్ల మీద నడుస్తాయి. 2016 సెప్టెంబరులో రంగంలోకి దిగిన జియోకు 2జీ అసలు లేదు. మొదటి నుంచీ 850, 1800, 2300 బ్యాండ్లలో 4జీయే. 1800 రెండింటికీ ఉంది కదా అంటే, దారి ఒకటే అయినా బండ్లు వేరు. బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీని ప్రధాని 2025 సెప్టెంబరు 27న ప్రారంభించారు. అది 700, 2100 బ్యాండ్లను నమ్ముకుంది. 700ను అందుకోలేని పాత 4జీ ఫోన్లు ఎన్నో. తక్కువ అంకె బ్యాండు దూరం పోతుంది, గోడలూ దాటుతుంది. పల్లెకు కావలసింది అదే. 5జీకి వాడే 3300 వేగంలో మేటి, దూరంలో నాసి. అమెరికా నుంచి కొడుకు పంపిన ఖరీదైన ఫోనైనా సరే, ఇక్కడి బ్యాండు అందులో లేకుంటే కరిసల్ పల్లెలో సగం పనే చేస్తుంది.

తమిళనాట మనవాళ్లు ఒక దెబ్బ మరిచి ఉండరు. 1999లో ఈ రాష్ట్రంలోనే మొదలై పల్లెపల్లెకూ పాకిన ఎయిర్‌సెల్ 2018 ఫిబ్రవరిలో కుప్పకూలింది. నంబరు మార్చకుండా వేరే కంపెనీకి పోవాలంటే ఎస్ఎంఎస్ పంపాలి. ఎస్ఎంఎస్ పోవాలంటే సిగ్నల్ కావాలి. లేనిదే అది! అంగడి బోర్డు మీద రాయించిన నంబరు, ఆంధ్రలోని వియ్యంకుల డైరీలో ఉన్న నంబరు ఏం కావాలో తెలియక జనం దుకాణాల ముందు బారులు తీరారు.

ఇంతకన్నా పెద్ద పరీక్ష 2023 డిసెంబరు 17, 18 తేదీల్లో ఎదురైంది. తూత్తుక్కుడి జిల్లా కాయల్‌పట్టినంలో ఒక్కరోజులో 95 సెంటీమీటర్ల వాన కురిసింది. తిరుచెందూరు నుంచి చెన్నై వెళ్లే రైలు శ్రీవైకుంఠంలో సుమారు 800 మందితో చిక్కుకుపోయింది. కరెంటు పోయింది, ఫోన్లు పలకలేదు. లోపలున్నవాళ్ల గతేమిటో బయటివాళ్లకు తెలియలేదు.

ఒక కంపెనీ టవర్ పడిపోతే పక్క కంపెనీ టవర్ ఆదుకునే ఏర్పాటు సాధ్యం కానిదేమీ కాదు. సర్కారు నిధులతో కట్టిన 4జీ టవర్ల మీద ఏ కంపెనీ వారైనా మాట్లాడుకునే వీలును కేంద్రం 2025 జనవరిలో ప్రారంభించింది. పల్లెల్లోని సొంత టవర్లకూ దాన్ని ఎందుకు వర్తింపజేయరు? కనీసం వరద హెచ్చరిక వచ్చిన రోజు, ఎవరూ అడగకముందే, ఆ తలుపు తెరుచుకోవాలి.

ఏ సేవ ఎక్కడ అందుతుందో పటాలు వేసి వెబ్‌సైట్లలో పెట్టాలని ట్రాయ్ 2024లో తెచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. మంచి మాటే. కానీ సిగ్నల్ లేని ఊరివాడు తనకు సిగ్నల్ లేదని చూసుకోవడానికి పక్కూరికి పోవాల్సిందేనా? ఆ పటాన్ని తమిళంలో అచ్చు వేయించి బస్టాండులో, సిమ్ములమ్మే ప్రతి అంగడిలో అంటించడానికి ఎంత ఖర్చవుతుంది? సిమ్ము అమ్మేవాడు ముందు ఫోను చేతికి తీసుకుని, అది ఏ బ్యాండ్లు పడుతుందో చూసి చెప్పాలన్న నియమం పెడితే మనవడి వంద రూపాయలూ మిగులుతాయి, తాత ప్రయాణమూ సాగుతుంది.

2జీని మూసేయాలన్న వాదన 2024లోనే ట్రాయ్ ముందుకు వచ్చింది. మూసేవాళ్లు ముందుగా ఒక లెక్క తేల్చాలి: ఏ జిల్లాలో ఎన్ని బటన్ ఫోన్లు దానిమీదే బతుకుతున్నాయి, వాటి బదులు ఎవరు ఏమిస్తారు, ఎన్నాళ్ల ముందు చెబుతారు.