లిమిటెడ్ ఎడిషన్ కార్లు: ట్రాక్ మీద పుట్టినవా.. స్టిక్కర్‌తో సరిపెట్టినవా?

135 సెకన్లు.. 999 కార్లు! 2025 ఆగస్టులో మహీంద్రా బీఈ 6 బ్యాట్‌మ్యాన్ ఎడిషన్ బుకింగ్స్ ఓపెన్ చేస్తే జరిగింది ఇదీ. ముందు 300 కార్లే అనుకున్న కంపెనీ డిమాండ్ చూసి 999కి పెంచింది. ధర రూ.27.79 లక్షలు, ఎక్స్ షోరూం.

సరే, అది సినిమా క్రేజ్. మరి రేసింగ్ పేరుతో వచ్చే కార్ల సంగతేంటి? ఆ పేరుకు తగ్గ దమ్ము వాటిలో ఉందా?

ఒకప్పటి లెక్క వేరు

ర్యాలీల్లో గ్రూప్ ఏ అని ఓ విభాగం ఉండేది. రేసులో దిగాలంటే అదే మోడల్‌ను వేల సంఖ్యలో జనానికి తయారు చేయాల్సిందే. 1992లో మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ అలా పుట్టిందే. అంటే రేసు కోసమే ఆ కారు రోడ్డెక్కింది. ఆ కార్లతోనే టామీ మాకినెన్ 1996 నుంచి 1999 వరకు వరుసగా నాలుగుసార్లు ప్రపంచ ర్యాలీ చాంపియన్ అయ్యాడు.

ఇప్పుడేం ఇస్తున్నారు?

2025 నవంబర్‌లో బీఈ 6 ఫార్ములా ఈ ఎడిషన్ వచ్చింది. ధర రూ.23.69 లక్షల నుంచి. ఆ పేరు వాడుకునే అర్హత మహీంద్రాకు ఉంది. 2014లో ఫార్ములా ఈ మొదలైనప్పటి నుంచీ ఆ టీమ్ పోటీలో ఉంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన రేసులోనూ దిగింది. తర్వాత 2024 హైదరాబాద్ రేసు రద్దయింది, అది వేరే కథ.

కానీ కారులో మారిందేంటి? లైట్లు, గ్రాఫిక్స్, లోపలి డిజైన్. 79 కిలోవాట్ అవర్ బ్యాటరీ, 286 పీఎస్ మోటార్ మాత్రం మామూలు బీఈ 6 టాప్ మోడల్‌లో ఉన్నవే.

స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ కథ కాస్త వేరు. 2025 అక్టోబర్‌లో ఇండియాకు 100 కార్లే కేటాయించారు, అన్నీ అమ్ముడుపోయాయి. ధర రూ.49.99 లక్షలు. 265 పీఎస్ ఇంజన్, స్పోర్ట్స్ సస్పెన్షన్, మామూలు ఆక్టేవియా కంటే 15 మిల్లీమీటర్లు తక్కువ ఎత్తు. ఇక్కడ మార్పు స్టిక్కర్ దగ్గరే ఆగలేదు.

మన రోడ్ల మీద ఎలా?

బందరు - విజయవాడ హైవే మీద ఆ స్పీడ్ ఎంతసేపు? పామర్రు - గుడివాడ రూట్లో వరి గడ్డి ట్రాక్టర్ అడ్డొస్తే ఏ కారైనా ఒకటే. దివిసీమ లోపలి ఊళ్లలో కల్వర్టులు, స్పీడ్ బ్రేకర్లు దాటాలంటే ఆ తగ్గిన 15 మిల్లీమీటర్లే తలనొప్పి. నిజంగా తొక్కాలంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్లాలి. హైవేని ట్రాక్ అనుకుంటే మాత్రం ప్రాణాల మీదకే.

సంక్రాంతికి మన దగ్గర బండలాగుడు పోటీలు చూస్తాం కదా. కొమ్ములకు ఎంత రంగేసినా చివరికి కొలిచేది ఇచ్చిన టైమ్‌లో బండ ఎంత దూరం లాగిందనే. కారు దగ్గరా అదే అడగండి. ఇంజన్ మారిందా? బ్రేకులు, సస్పెన్షన్ మారాయా? ఏవీ మారకపోతే ఎక్స్‌ట్రా డబ్బు పోయేది లుక్కుకే. లుక్ నచ్చి కొనుక్కుంటే తప్పేం లేదు. రేస్ కారు కొన్నామనుకుని ఏడేళ్లు ఈఎంఐ కట్టడమే అసలు సమస్య.