ఆరు నెలల రాజకుమారి

అనంతగిరి కొండల్లో బొర్రా గుహలు చూడబోయినవారు, ఆ చుట్టుపక్కల సొరంగాల్లో దూరి సాగిపోయే పొడుగాటి గూడ్సుబండ్లను చూసే ఉంటారు. బైలదిల్లా గనుల నుంచి విశాఖపట్నానికి ఇనుప ఖనిజం మోసే బండ్లవి. ఆ ఖనిజం కొంటామని జపాను దేశం ఒప్పుకున్న మీదటనే 1960 తరవాత ఆ రైలుదారి వేశారు. మన కొండలతో ఇలా చుట్టరికం కలుపుకున్న ఆ జపానులో, అంతకు ముప్పై ఏళ్ళకు పైగా ముందు, చక్రవర్తి ఇంట ఒక పాప పుట్టింది. ఈ నెల ఆ పాప సంగతి చెప్పుకుందాం.

1926 డిసెంబరులో హిరోహితో చక్రవర్తి అయాడు. ఆయనకూ, రాణి నగాకోకూ అప్పటికే షిగేకో అనే కూతురున్నది. 1927 సెప్టెంబరు 10న రెండో కూతురు కలిగింది. ఆ వంశంలో పిల్లలకు పేరుతోబాటు ఒక బిరుదు కూడా పెడతారు. ఈ పాప పేరు సచికో, బిరుదు "హిసా నో మియా". "హిసా" అనే అక్షరానికి "చిరకాలం" అని అర్థం. మన పెద్దలు పిల్లల పేర్ల ముందు "చిరంజీవి" అని రాయరూ? అటువంటిదే అనుకోండి.

సచికో 1928 మార్చి 8న చనిపోయింది. అప్పటికి ఆరు నెలలు నిండటానికి రెండు రోజులు తక్కువ. మన ఇళ్ళలో అయితే అన్నప్రాశనకు ముహూర్తం చూసే ఈడు.

పాపకు వచ్చిన జబ్బు సెప్సిస్. ఒంట్లో చేరిన క్రిములతో పోరాడబోయి, శరీరం ఆ పోరాటంలో తన అవయవాలనే చెరుపుకుంటుంది. చిన్నపిల్లల్లో ఇది చాలా వేగంగా ముదురుతుంది. చక్రవర్తికి వైద్యులు తక్కువా, ధనం తక్కువా అని మీరడగవచ్చు. రెండూ ఉన్నాయి. మందు లేదు. రక్తంలో చేరిన అటువంటి క్రిములను నమ్మకంగా చంపే మందు అప్పటికి ఏ దేశంలోనూ లేదు.

ఆ ఏడే సెప్టెంబరులో, అంటే పాప పోయిన ఆరు నెలలకు, లండనులో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ తన పరిశోధనశాలలో ఒక గాజుపళ్ళెం చూశాడు. అందులో ఆయన పెంచుతున్న క్రిములకు బూజు పట్టింది. బూజు చుట్టూ ఉన్న క్రిములు మాత్రం చచ్చిపోయాయి! అదే పెన్సిలిన్. కాని బూజులోంచి మందు తియ్యటం తేలిక కాలేదు. 1941లో ఆక్స్‌ఫర్డులో ఒక పోలీసు జవానుకు దాన్ని ఎక్కించారు. మనిషి తేరుకోసాగాడు. ఇంతలో మందు అయిపోయింది. ఆయన మూత్రంలోంచి కూడా మందును తిరిగి తీసి ఎక్కించారు. అదీ చాలలేదు; ఆయన బతకలేదు.

పెన్సిలిన్‌కు లొంగని క్రిములు కూడా ఉన్నాయి. వాటి మీదికి వచ్చిన మందుల్లో మనవాడి చెయ్యి ఉన్నది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల జబ్బుకు పోగొట్టుకున్నాడు. ఆయన అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు అధిపతిగా ఉండగా, ఆయన కింద పనిచేసిన బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ సాధించాడు. ఆ మందు లోకానికి తెలిసిన 1948లోనే సుబ్బారావు కన్నుమూశాడు. వయస్సు యాభై మూడే.

సచికో తరవాత చక్రవర్తికి మరి అయిదుగురు పిల్లలు పుట్టారు. అందరూ పెరిగి పెద్దవాళ్ళయారు.

ఇప్పుడు మందులున్నాయి. కాని వేళకు అందాలి. మీ ఇంట చంటిపాప ఉంటే ఈ గుర్తులు తెలుసుకోండి: పాలు తాగలేకపోవటం, ఒళ్ళు కాలిపోవటం లేదా చల్లబడటం, డొక్కలెగరెయ్యటం, లేపినా కదలక మగతగా పడివుండటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే పెద్దవాళ్ళతో చెప్పండి. మన్యంలో బండి బాట లేని ఊళ్ళు ఇంకా ఉన్నాయి. అక్కడ రోగిని డోలీలో మోసుకుని కొండ దిగాలి. దిగటానికే గంటలు పట్టే చోట, తెల్లవారాక చూద్దామనుకోకుండా ఆశా కార్యకర్తను రాత్రికి రాత్రే లేపాలి.