లంకెబిందెలూ, కుయ్యిమనే యంత్రమూ

లంకెబిందెల కథ వినని ఇల్లు మన వైపు వుండదు. పాతగోడ కూలిస్తే చాలు, నలుగురు చేరి పునాదిలోకి తొంగి చూస్తారు. వెనకటికి నిధుల కోసం అంజనం వేసేవారు. పాయాళువాణ్ణి, అంటే ఎదురుకాళ్లతో పుట్టినవాణ్ణి, వెతికి పట్టుకొచ్చేవారు. ఇప్పుడా శ్రమ లేదు. కర్ర చివర పళ్లెం తగిలించినట్టుండే మెటల్ డిటెక్టరు వచ్చింది. నేలమీద ఆడిస్తూ పోతే, అడుగున లోహం వున్నచోట కుయ్యిమంటుంది.

ఆ పళ్లెంలో వున్నది తీగచుట్ట. అందులో పారే విద్యుత్తు అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. అది మట్టిలోని లోహానికి తగిలి, అందులోనూ చిన్న ప్రవాహం కలిగిస్తుంది. దాన్ని యంత్రం పసిగడుతుంది, అంతే. టెలిఫోను గ్రాహంబెల్ 1881లో ఇలాంటిదే తయారుచేసి, అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాను వెతకబోయాడు. దొరకలేదు. పరుపులోని స్ప్రింగులు అడ్డొచ్చాయంటారు. అంజనం పారకపోతే మైల తగిలిందనేవారు చూశారూ, అలాగన్నమాట!

మొన్న మా కాలేజీ కుర్రవాడొకడు, “సార్, ఆ మిషిన్ కొనుక్కొని కోటిలింగాలకు పోతే శాతవాహనుల పైసలు దొరుకుతయి గద?” అన్నాడు. చోటు మాత్రం బాగానే ఎంచుకున్నాడు.

కోటిలింగాల వెనక కరీంనగరు జిల్లాలోది, 2016 నుంచి జగిత్యాల జిల్లాలోది. పెద్దవాగు గోదావరిలో కలిసేచోట వుంది. వానలకు మట్టి కొట్టుకుపోతే అక్కడ నాణేలు బయటపడేవి. ధర్మపురి పెద్దమనిషి ఒకరు ఓపికగా వాటిని పోగుచేశారు. 1970ల చివర డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు వాటిమీది బ్రాహ్మీ అక్షరాలు చదివి లోకానికి చెప్పారు. గోభద, నారన, కంవాయ, సమగోప: ఈ రాజుల పేర్లు ఏ పురాణంలోనూ లేవు. వాటితోపాటే చిముక శాతవాహనుడి నాణేలు!

శాతవాహనుల మూలపురుషుణ్ణి మత్స్యపురాణం శిశుకుడంటుంది, విష్ణుపురాణం శిప్రకుడంటుంది, వాయుపురాణం సింధుకుడంటుంది. మహారాష్ట్రలోని నానేఘాట్ గుహలో సిముకుడని చెక్కివుంది. పాఠాంతరాలతోనే పొట్టపోసుకునే నావంటి తెలుగు పంతులుకు ఇది పండగే అనుకోండి. ఆ సిముకుడే ఈ చిముకుడని చాలామంది పండితుల అభిప్రాయం. కాదనేవారూ వున్నారు. ఏమైనా, ఆ వంశం మొదలైంది గోదావరి ఒడ్డునేనని వాదించేవారికి ఈ నాణేలే పెద్ద ఆధారం. అవి సీసమూ రాగీ వంటి లోహాలు. కంచరికి అమ్మితే కాఫీ ఖర్చులకైనా రావు.

అవే నాణేలు ఏ పట్నం బజారులోనో కొట్టువాడి బల్లమీద దొరికివుంటే? చిముకుడనే రాజొకడున్నాడని తెలిసేది. గోదావరి సంగతి ఎవరికి తెలిసేది? ఆ తరువాత రాష్ట్ర పురావస్తుశాఖ అక్కడ పొర పొరా విడదీసి తవ్వింది. ఏ రాజు ముందు, ఏ రాజు వెనక అని తేల్చేది ఆ పొరలే. పెద్దపల్లి దగ్గర పెద్దబంకూరులోనూ శాతవాహనుల నాణేలు 20,000కు పైగా ఒక్కచోట దొరికాయి. అవి విడివిడిగా నలుగురి జేబుల్లోకి పోయివుంటే, ఎవరో దాచుకున్న సొమ్మని మనకు తట్టేదే కాదు. యంత్రం కుయ్యిమన్నచోట పలుగు దింపితే నాణెం పైకి వస్తుంది, పొరలు కలిసిపోతాయి. పైగా యంత్రానికి శాతవాహనుడైనా ఒకటే, సోడాసీసా మూతైనా ఒకటే. కోటిలింగాల పాటిగడ్డ మీదికి ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు కొంతమేర ఇప్పటికే వచ్చాయి. మిగిలిందానికి ఈ కన్నాలు కూడానా?

1878 నాటి నిధుల చట్టం, పది రూపాయల విలువ మించినది దొరికితే కలెక్టరుకు రాసివ్వమంటుంది. ఏమి దొరికింది, ఎక్కడ దొరికింది, ఏనాడు దొరికింది అన్న మూడూ అందులో వుండాలి. రాయనివాడికి వాటా పోతుంది, జైలుకూడా పడవచ్చు. దొరలు సొమ్ము లెక్కకే రాసుకున్నారో ఏమో గాని, ‘ఎక్కడ’ అన్న మాట మాత్రం మరిచిపోలేదు.

ఈ మూడూ చెప్పేసరికి కుర్రవాడు, “ఎక్కడో చెప్తే అందరు అక్కడికే ఉరుకరా సార్?” అన్నాడు.

“చెప్పమన్నది కలెక్టరుకు నాయనా, బజారుకు కాదు” అన్నాను.